నెత్తుటి యెత్తును కొలిచిన స్టీఫెన్ హేల్సు

భూమిమీద నడయాడు జంతువులన్నిటిలో జిరాఫీ పొడవైనది. ప్రాయము వచ్చిన మగ జిరాఫీ 16 మొదలు 18 అడుగుల యెత్తు పెరుగును. దాని గుండె ఱొమ్ములో నున్నది. మెదడు ఆ గుండెకు సుమారు 6 అడుగుల యెగువను, పొడవైన మెడ చివర నున్నది. నెత్తురు నీటికంటె కొంచెము బరువైన ద్రవము. పల్లమునకు పాఱుట దాని స్వభావము గాని మిట్టకెక్కుట కాదు. అట్టి నెత్తురు పగలనక రేయనక ఆ యెత్తుననున్న మెదడునకు చేరుచుండవలెను. కొన్ని క్షణములపాటు చేరకున్నను జంతువు మూర్ఛిల్లి పడిపోవును.

ఇది యెట్లు జరుగుచున్నదని విద్యార్థులు అడుగుట కద్దు. దీనికి జవాబు చెప్పుటకు ముందు వేఱొక ప్రశ్నకు జవాబు తెలిసియుండవలెను. గుండె తాను త్రోయు నెత్తురును ఎంత యెత్తునకు ఎక్కింపగలదు? ఈ సంగతిని ఊహతో గాక కొలబద్దతో మొట్టమొదట తేల్చినవాడు వైద్యుడు కాడు, కళాశాలలో పండితుడును కాడు. లండను నగరమునకు కొలది మైళ్ల దూరమున థేమ్సు నదీతీరమందలి యొక చిన్న గ్రామములో సంఘమునకు కాపరిగా నుండిన పాదిరి. ఆయన పేరు స్టీఫెన్ హేల్సు. ఆయన జిరాఫీనిగూర్చి యేమియు వ్రాయలేదు; ఇంగ్లాండు దేశమునకు మొదటి జిరాఫీ ఆయన గతించిన 66 ఏండ్లకు, 1827వ సంవత్సరమున వచ్చినది. అయినను ఆయన చరిత్ర తెలిసినవారికి జిరాఫీ సంగతి సగము తెలిసినట్లే.

హేల్సు 1677వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని కెంటు మండలమందలి బీక్సుబర్ను గ్రామమున జన్మించెను. తాత బారొనెట్టు బిరుదము గలవాడు. కుటుంబము గొప్పదే గాని యీయన ఆఱవ కుమారుడు. ఆ దేశపు ఆచారము ననుసరించి ఆస్తియు బిరుదమును జ్యేష్ఠునికే పోవును గనుక, తక్కిన కుమారులు చదువునో సైన్యమునో సంఘసేవనో ఆశ్రయింపవలసినవారు. హేల్సు 1696వ సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో చేరెను. న్యూటను పండితుడు కేంబ్రిడ్జిని విడిచి లండనులోని టంకసాలకు అధికారిగా పోయినదియు ఆ సంవత్సరమే. ఆయన వెడలిపోయెను గాని ఆయన నేర్పిన పద్ధతి, అనగా ప్రకృతిలోని ప్రతి విషయమును తూచి కొలిచి లెక్క కట్టవలెనను పట్టుదల, అచ్చటనే నిలిచిపోయెను. హేల్సు ఆ గాలిలో పెరిగినవాడు.

1703వ సంవత్సరమున ఆయన కళాశాలలో ఫెలో పదవి నందెను. ఆ యేడే విలియం స్టూక్లీ యను వైద్యవిద్యార్థి కళాశాలకు వచ్చి, హేల్సుకంటె పదేండ్లు చిన్నవాడైనను ఆయనకు ప్రాణస్నేహితుడయ్యెను. ఇరువురును పొలములవెంబడి తిరిగి మూలికలు సేకరించిరి. జంతువుల కళేబరములను కోసి పరిశీలించిరి. గ్రహముల గతులను చూపు యంత్ర మొకటి చేయించిరి. కుక్క ఊపిరితిత్తులలోని సన్నని గొట్టముల ఆకారము తెలియుటకు వానిలో సీసము కరగించి పోసి అచ్చు తీసిరి. దైవశాస్త్రము చదువుటకు వచ్చినవాని కీ పనులేల యని యడిగినవారును ఉండియుందురు. హేల్సుకు ఆ భేదము తోచలేదు. సృష్టిలోని పనితనమును పరిశీలించుట సృష్టికర్తను గౌరవించుటయే యని ఆయన నమ్మిక.

అప్పటికి 75 ఏండ్ల క్రిందట, 1628వ సంవత్సరమున, విలియం హార్వీ యను వైద్యుడు నెత్తురు శరీరమంతటను తిరిగి మరల గుండెకే వచ్చుచున్నదని ప్రకటించియుండెను. గుండె దానిని ధమనులలోనికి త్రోయును. సిరలు దానిని వెనుకకు తెచ్చును. సిరలలోని కవాటములు అది వెనుదిరుగకుండ అడ్డగించును. ఇది స్థిరపడినది గాని గుండె బల మెంత యన్న ప్రశ్నకు జవాబు మాత్రము నవ్వు పుట్టించునదిగా నుండెను. ఇటలీ దేశస్థుడైన బొరెల్లి పండితుడు ఆ బలము 1,80,000 పౌనులని లెక్క కట్టెను. ఇంగ్లాండులో జేమ్సు కీల్ అను వైద్యుడు 1708వ సంవత్సరమున అది 5 ఔన్సులని లెక్క కట్టెను. ఇద్దఱును గణితము నెఱిగినవారే. ఒకని గుండె యేనుగులను మోయునది, మఱొకని గుండె ఒక మామిడిపండును మోయునది! గణితము తప్పు కాదు. గణితమునకు ఆధారమైన కొలత లేకపోవుటయే లోపము.

హేల్సు 1706 ప్రాంతమున కేంబ్రిడ్జిలో నుండగనే కుక్కలయందు ఈ కొలత కొఱకు ప్రయత్నించెను. 1709వ సంవత్సరమున టెడింగ్‌టను గ్రామసంఘమునకు కాపరిగా నియమింపబడి, కేంబ్రిడ్జిని విడిచి ఆ గ్రామము చేరెను. అక్కడికి వచ్చిన కొలది యేండ్లకే ఆయన పెద్ద జంతువులయందు ఆ ప్రయోగమును సాగించెను. అందు మొదటిది లోకప్రసిద్ధమైనది గనుక కొంచెము విపులముగా చెప్పవలెను.

అది డిసెంబరు నెల. 14 ఏండ్ల వయస్సుగల యొక ఆడుగుఱ్ఱము. 4 అడుగుల 8 అంగుళముల యెత్తుది. మూపుమీద మానని పుండు గలది. మిక్కిలి బక్కదియు కాదు, బలిసినదియు కాదు. దానిని పడవేయించి వెల్లకిల కట్టించెను. తొడలోని పెద్ద ధమనిని పొత్తికడుపునకు 3 అంగుళముల దూరమున తెఱచి, అంగుళములో ఆఱవవంతు రంధ్రము గల ఇత్తడి గొట్టమును అందులో దూర్చెను. ఆ గొట్టమునకు 9 అడుగుల పొడవు గల గాజు గొట్టమును నిలువుగా తగిలించి, ధమనిని బిగించిన కట్టును విప్పెను. నెత్తురు ఒక్క పెట్టున సగము దూరము పైకి చిమ్మెను. పిమ్మట నాడి కొట్టినప్పుడెల్ల కొన్ని అంగుళముల చొప్పున, రానురాను తక్కువ తక్కువగా, మెట్టు మెట్టుగా ఎక్కి, తుదకు గుండె మట్టమునకు 8 అడుగుల 3 అంగుళముల యెత్తున నిలిచెను. నిలిచి ఊరకుండలేదు, ప్రతి నాడితోను రెండు మూడు అంగుళములు లేచుచు దిగుచుండెను. జీవముతోనున్న గుండె పని గాజులోనుండి కంటికి కనబడుట అదియే మొదటిసారి.

ఆయన అంతటితో విడువలేదు. గొట్టమును తీసి కొంత నెత్తురు కొలపాత్రలోనికి వదలి, మరల తగిలించి ఎంతవఱకు ఎక్కుచున్నదో చూచెను. ఇట్లు క్వార్టు క్వార్టునకు కొలిచి పట్టిక వ్రాసికొనెను. నెత్తురు తగ్గిన కొలది యెత్తు తగ్గెను గాని సమముగా తగ్గలేదు. మధ్యమధ్య కొంచెము పైకి వచ్చుచు, జంతువు తన శక్తికొలది సరిచేసికొనుచుండెను. తుదకు చల్లని చెమటలు పోసి ఆ గుఱ్ఱము ప్రాణము విడిచెను.

ఈ సంగతి చదువునప్పుడు మనస్సు కలతపడనివా రుండరు. మత్తుమందు వాడుక 1846వ సంవత్సరమునుండి గాని రాలేదు. ఆ గుఱ్ఱము నొప్పినంతటిని మేలుకొని భరించినది. హేల్సు దీనిని దాచలేదు. గుఱ్ఱమునకు బాధగాని భయముగాని లేనప్పుడు నాడి నిమిషమునకు సుమారు 36 సార్లు కొట్టుననియు, ఈ గుఱ్ఱమునకు 55 మొదలుకొని 100 వఱకు కొట్టెననియు ఆయనయే వ్రాసిపెట్టెను. ఈ చిన్న అంకెను మఱచిపోవలదు. దానితో తరువాత పనియున్నది. సమీపమందలి ట్వికెన్‌హాం గ్రామమున నివసించిన పోపు మహాకవి హేల్సునకు స్నేహితుడు. తన మరణశాసనమునకు ఆయనచే సాక్షి సంతకము చేయించుకొన్నవాడు. అట్టివాడును, హేల్సు మంచివాడే గాని కుక్కలను కోయుట తనకు దుఃఖకరమని స్నేహితులతో చెప్పుకొనెను. నా మట్టుకు నేను పోపు పక్షమును తప్పని యనజాలను. హేల్సే ఆ పనిలోని అసహ్యమును భరింపలేక కొన్ని సంవత్సరములపాటు దానిని పూర్తిగా మానివేసెను. కొలతపట్టికలు పెట్టెలో పడియుండెను.

ఆ పెట్టెను మరల తెఱపించినది ఒక ద్రాక్షతీగె. 1719 ప్రాంతమున వసంతకాలములో ఒక తీగెను ఆలస్యముగా కత్తిరించుటచే కోసినచోట రసము కారి ఆగకుండెను. తీగె చచ్చిపోవునేమో యని హేల్సు ఆ గాయముమీద జంతువు మూత్రాశయపు తోలుముక్కను బిగించి కట్టెను. చూచుచుండగనే ఆ తోలు లోపలినుండి ఉబ్బెను. ఇంకొకడైన కట్టును మరింత బిగించి ఇంటికి పోయియుండును. హేల్సునకు గుఱ్ఱపు ధమనిలోని గాజు గొట్టము జ్ఞప్తికి వచ్చెను. తీగెమొదటికి గొట్టమును అమర్చగా రసము 21 అడుగులకు పైగా ఎక్కెను. పాదరసముతో మఱొక తీగెయందు కొలువగా ఆ బలము 43 అడుగుల నీటిని నిలుపునంత గలదని తేలెను. అది గుఱ్ఱపు తొడధమనిలోని బలమునకు ఇంచుమించు 5 రెట్లు. నోరులేని తీగె వేళ్లలో గుఱ్ఱపు గుండెను మించిన బల మున్నదని ఎవరనుకొనిరి? వేరు త్రోయుటయే గాక ఆకులనుండి నీరు ఆవిరియై పోవుటచేతను రసము పైకి లాగబడుచున్నదని ఆయన గ్రహించెను. మన తాడిచెట్టంత యెత్తునకు నీరు చేరుట ముఖ్యముగా ఆకుల లాగుడువలననే యని తరువాతి శాస్త్రజ్ఞులు స్థిరపఱచిరి.

1718వ సంవత్సరముననే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. చెట్లనుగూర్చిన ప్రయోగములు 1727వ సంవత్సరమున పుస్తకముగా వెలువడెను. దాని ప్రచురణకు అనుమతించుచు సంతకము చేసినవాడు సొసైటీ అధ్యక్షుడైన న్యూటను. తరువాత కొలది వారములకే ఆయన గతించెను. ఆ పుస్తకమునకు లభించిన ఆదరణ చూచి హేల్సు పాత పట్టికలను దుమ్ము దులిపి, మఱికొన్ని ప్రయోగములను చేర్చి, 1733వ సంవత్సరమున నెత్తుటి బలమునుగూర్చిన రెండవ సంపుటమును ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు 56.

ఆ సంపుటములో గుఱ్ఱపు కథతోపాటు ఇతర విషయములును గలవు. చనిపోయిన గుఱ్ఱపు గుండెలోని యెడమ గదిలో కరగిన మైనము పోసి, గడ్డకట్టిన పిమ్మట దాని పరిమాణము 10 ఘనపు అంగుళములని కొలిచెను; దానిని నాడుల సంఖ్యచే గుణించి నిమిషమునకు గుండె త్రోయు నెత్తురు ఇంతయని లెక్క కట్టెను. ధమనులలో అంత బలముగా నున్న నెత్తురు సిరలలోనికి వచ్చునప్పటికి అంత నీరసించుటకు కారణమేమని వెదకి, నడుమనున్న వెండ్రుకలకంటె సన్నని నాళములే దాని బలమును అడ్డగించుచున్నవని కనుగొనెను. ఆ నాళములలోనికి వెచ్చని నీరు పోసిన అవి విచ్చుకొనును. చల్లని నీరు పోసినను బ్రాంది పోసినను ముడుచుకొనును. నేటి వైద్యులు నెత్తుటి ఒత్తిడిని మందులతో తగ్గించుట చాలవఱకు ఈ సన్నని నాళములను సడలించుటచేతనే.

బ్రాందినిగూర్చి ఆయన నేర్చినది పుస్తకములోనే నిలిచిపోలేదు. ఆ దినములలో జిన్ను అను చవుక సారాయి లండను పేదలను నాశనము చేయుచుండెను. హేల్సు 1734వ సంవత్సరమున సారాయి త్రాగువారికి హితబోధగా చిన్న పుస్తకము వ్రాసి ప్రకటించెను. అది పలుమాఱులు ముద్రింపబడెను.

గ్రామములో ఆయన జీవితము నిరాడంబరమైనది. 1720వ సంవత్సరమున వివాహమాడెను, మరుసటి సంవత్సరమే భార్య మరణించెను, సంతానము లేదు, మరల వివాహము చేసికొనలేదు. సంఘ క్రమశిక్షణలో కఠినుడు; తప్పు చేసిన స్త్రీలచేత ఆలయములో బహిరంగముగా ప్రాయశ్చిత్తము చేయించినట్లు ఆయన సంఘపు దస్తరములోనే యున్నది. ఆ కాలమునకు అది వింత కాకపోయినను, అంత మెత్తని మనస్సు గలవానియందు ఆ కాఠిన్యము మనకు కొంత వెలితిగానే తోచును. మఱియొక ప్రక్కను చూచిన, ఊరివారి చిన్న చిన్న కష్టములను తీర్చుటయందు ఆయనకు విసుగు లేదు. చీకటిలో నడచువారు తగిలి గాయపడకుండుటకై కాలిబాటల కొయ్యలకు తెల్లరంగు వేయించెను. ఇంటి అడుగుపలకలు చివికిపోకుండ గోడలలో గాలిరంధ్రము లుంచవలెనని చెప్పెను. పండ్లు పెట్టి కాల్చు పిండివంటలో రసము పొంగిపోకుండ అడుగున టీ గిన్నెను బోర్లించుమని గృహిణులకు నేర్పెను. 1754వ సంవత్సరమున ఊరికి మంచి నీటికాలువ తెప్పించి, క్షణమున కొకసారి కొట్టు లోలకము మూడు ఊపు లూగునంతలో ఆ నీరు 2 క్వార్టుల పాత్రను నింపునని సంఘపు దస్తరములో వ్రాసెను. పెండ్లిండ్లు, చావుల నడుమ ఒక శాస్త్రప్రయోగము! కొలువనిది ఆయన నమ్మడు.

చెట్లపుస్తకములో ఆయన గాలినిగూర్చియు చాల వ్రాసెను. నీటితొట్టిలో బోర్లించిన పాత్రలోనికి వాయువులను పట్టు ఉపాయము ఆయనదే. ప్రీస్ట్‌లీ మొదలగువారు ప్రాణవాయువును కనుగొన్నది ఆ ఉపాయముతోనే. ఊపిరిచే చెడిన గాలిని మరల పీల్చినచో ప్రాణి సొమ్మసిల్లునని తెలిసికొన్న హేల్సు, ఓడల అడుగున, చెఱసాలలలో క్రిక్కిఱిసియున్న మనుష్యులను తలంచెను. 1741వ సంవత్సరమున పెద్ద కొలిమితిత్తుల వంటి గాలియంత్రమును కల్పించెను. చెడుగాలి బయటికి, మంచిగాలి లోపలికి. ఓడలలోను, ఆస్పత్రులలోను, ధాన్యపు కొట్లలోను అవి పెట్టబడెను. 1750వ సంవత్సరమున న్యూగేటు చెఱసాలనుండి వచ్చిన ఖైదీల జ్వరము న్యాయస్థానములో వ్యాపించి, నగరాధిపతియు న్యాయాధిపతులును మొదలుగా 50 మందికి పైగా చనిపోయిరి. పిమ్మట 1752వ సంవత్సరమున ఆ చెఱసాలమీద గాలిమరతో నడచు హేల్సు యంత్రమును నిలిపిరి. దానిని అమర్చిన పనివారిలోనే పలువురు ఆ జ్వరమున పడిరి. ఆ జ్వరమునకు కారణము చెడుగాలి కాదు, పేలు. ఈ సంగతి 1909వ సంవత్సరమున గాని తెలియలేదు. అయినను ఊపిరాడని గదులలో గాలి దిరుగుటచే కలిగిన సుఖము నిజమైనదే. ఆ యంత్రములు బానిసలను మోసిన ఓడలలోనికిని ఎక్కెను. ఓడలోని గాలి చక్కబడెను గాని ఆ ఓడ చేయు పని చక్కబడలేదు.

రాజకుటుంబమువారు ఆయనయందు గౌరవము గలవారు. వేల్సు యువరాజైన ఫ్రెడరిక్కు ఆయన యింటికి వచ్చి ప్రయోగములు చూచుచుండెను. యువరాజు 1751వ సంవత్సరమున గతింపగా, ఆయన భార్య ఆగస్టా హేల్సును తన గృహగురువులలో ఒకనిగా చేసికొనెను. 1739వ సంవత్సరమున రాయల్ సొసైటీవారు కాప్లీ పతకమును, 1753వ సంవత్సరమున ఫ్రెంచి శాస్త్రపరిషత్తువారు విదేశసభ్యత్వమును ఇచ్చిరి. ఆయన టెడింగ్‌టను సంఘమును విడిచిపోలేదు. 1761వ సంవత్సరము జనవరి 4వ తేదీని, 83 ఏండ్ల వయస్సున అక్కడనే మరణించి, తాను మరల కట్టించిన ఆలయగోపురము క్రింద సమాధి చేయబడెను. ఆగస్టా వెస్ట్‌మినిస్టరు ఆలయమున ఆయనకు స్మారకశిల నెత్తించెను.

ఇక ఆయన గాజు గొట్టము సంగతి. అంత పొడవైన గొట్టముతో పని కష్టము గనుక 1828వ సంవత్సరమున ప్వాజెయ్ అను ఫ్రెంచి పండితుడు బరువైన పాదరసమును వాడి దానిని చిన్నది చేసెను. 1896వ సంవత్సరమున ఇటలీలో రివా-రొచ్చి వైద్యుడు చేతికి చుట్టు గాలిపట్టీని కల్పించి, ధమనిని కోయు అవసరమే లేకుండ చేసెను. 1905వ సంవత్సరమున రష్యాలో కొరట్కావ్ వైద్యుడు పట్టీ దిగువను చెవిగొట్టముతో విను పద్ధతిని చేర్చెను. వైద్యుడు నేడు 120 అని చెప్పినచో అది 120 మిల్లీమీటర్ల పాదరసపు టెత్తు. నెత్తురుగా లెక్కించినచో సుమారు 5 అడుగులు. హేల్సు మనుష్యునియందు కొలువలేదు, ఏడున్నర అడుగు లుండునని అంచనా వేసెను, అది హెచ్చు.

గుఱ్ఱపు కొలతయు హెచ్చే, గాని అది ఆయన తప్పు కాదు. 8 అడుగుల 3 అంగుళములనగా సుమారు 190 మిల్లీమీటర్ల పాదరసము. నెమ్మదిగా నిలిచియున్న గుఱ్ఱపు ఒత్తిడి అంత యుండదు. సుమారు 5 అడుగుల నెత్తుటి యెత్తు మాత్రమే. 36 సార్లు కొట్టవలసిన నాడి 55 మొదలు 100 వఱకు కొట్టినదని ఆయన వ్రాసియుంచెను గదా. అది కట్టుబడి, బెదరి, నొప్పిపడుచున్న గుండె యొక్క బలము. నెమ్మదిగా నున్న గుఱ్ఱపు గుండెను జిరాఫీ ఱొమ్ములో ఉంచినచో నెత్తురు మెడ నడుమనే నిలిచిపోవును. మెదడునకు చుక్కయైన చేరదు.

1950 తరువాతి దశాబ్దమున దక్షిణాఫ్రికాలో రాబర్టు గెట్జ్ అను వైద్యుడును ఆయన తోడివారును జీవముతోనున్న జిరాఫీల ధమనులలో ఒత్తిడిని కొలిచిరి. ప్రాయము వచ్చిన జిరాఫీలో గుండె మట్టమున అది సుమారు 200 మిల్లీమీటర్లు. మిక్కిలి పెద్దవానిలో ఇంకను హెచ్చు. నెత్తుటి యెత్తుగా చెప్పిన ఎనిమిదడుగుల పైమాట. హేల్సు గుఱ్ఱము ప్రాణభయముచే ఒక్క దినమున ఎక్కిన యెత్తునకే జిరాఫీ గుండె, చెట్టునీడను నిలిచి నెమరు వేయుచు, జీవితమంతయు ఎక్కించుచుండును. అందులో ఇంచుమించు ఆఱడుగులు మెడ యెక్కుటకే ఖర్చగును. మిగిలినది మెదడునకు చాలును.

ఇందుకు తగినట్లు దాని గుండె యెడమ గది గోడ మిక్కిలి దళసరిగా నున్నది. గుండె మొత్తము అసాధారణమైన పరిమాణము గలదని పూర్వము తలంచిరి గాని, శరీరపు తూకముతో పోల్చిన ఇతర జంతువుల గుండెకంటె పెద్దది కాదని తరువాతి కొలతలవలన తేలినది. ఎత్తునకు త్రోసిన బలము పాదములలో ఇంకను హెచ్చగును గదా. నెత్తుటిలోని నీరు కాళ్లలోనికి ఊరి వాపు రాకుండ, కాళ్ల తోలు బిగుతైన మేజోడువలె అదిమి పట్టియుండును.

జిరాఫీకి కష్టమైన గడియ నీరు త్రాగు గడియ. ముందరి కాళ్లను ఎడముగా చాపి తలను నేలకు వంచును. ఒక్క క్షణములో మెదడు గుండెకు పైనుండి దిగువకు వచ్చును. నెత్తురంతయు తలలోనికి దూకవలసినదే. అప్పుడు మెడలోని పెద్ద సిరలు ఉబ్బి నెత్తురును తమలో నిలుపుకొనును. గుండెకు తిరిగివచ్చు నెత్తురు తగ్గును. గుండె త్రోయు బలమును తగ్గును. శరీరమునుండి నెత్తురు సిరలవెంట తలకు వెనుదిరుగకుండ హార్వీ చెప్పిన కవాటములు అడ్డగించును. మెదడు మొదట ధమని సన్నని కొమ్మలుగా చీలి వలవలె అల్లుకొనియున్నది. నీరు త్రాగి తల యెత్తగనే సిరలలో నిలిచిన నెత్తురు గుండెకు దుమికి చేరును; గుండె నిండి మరల బలముగా త్రోయును; శరీరమందలి సన్నని నాళములు, హేల్సు కనుగొన్న ఆ నాళములే, ముడుచుకొని ఒత్తిడిని నిలబెట్టును. జిరాఫీ తూలదు, రెండు మాఱులు రెప్పలార్చి, చాచిన కాళ్లను దగ్గఱకు తీసికొని, తుమ్మచెట్టు వైపునకు నడచిపోవును.